ఎనిమిది లెక్కపెట్టేలోగా

తెర మీద 37.5 అని ఉంది. పది నిమిషాలకోసారి చూస్తూనే ఉన్నాను. ఎనిమిదింటికి అదే, తొమ్మిదింటికి అదే, పది దాటినా అదే. ఈ పెట్టె ఎంత బుద్ధిగా ఉంది అనుకున్నాను కూడా. పదకొండింటికి అడుగున నీళ్ళ పళ్ళెం నింపుదామని తలుపు తీస్తే, ఉడుకుతున్న కుండ మూత తీసినట్టు ఆవిరి మొహాన కొట్టింది.

లోపల పన్నెండు రోజుల గుడ్లు. నూట అరవై. ఒకటి చేతిలోకి తీసుకుంటే చురుక్కుమంది. తలుపు బార్లా తెరిచే ఉంది, వేడి గదంతా పరుచుకుంటోంది, తెర మీద మాత్రం 37.5.

ఆ పెట్టె మా పొదుపు సంఘం తరఫున వచ్చింది. ఇంక్యుబేటర్ అని దాని పేరు. మా ఊళ్ళో అందరూ పొదుగుపెట్టె అంటారు. ప్లైవుడ్డు చెక్కలు, లోపల థర్మోకోలు, ఒక హీటరు, ఒక ఫ్యాను, గంటకోసారి గుడ్లను అటూ ఇటూ వాల్చే చిన్న మోటారు, వీటన్నిటి మీదా పెత్తనం చేసే అరచేతంత బోర్డు. కరెంటు పోతే అందుకోవడానికి పక్కనే ఇన్వర్టరు. సంఘంలో మిగతా ఆడవాళ్ళందరూ పొద్దున్నే చేలకు పోతారు. రెండున్నరేళ్ళ వెన్నెలతో ఇంటిపట్టున ఉండేది నేనొక్కదాన్నే కాబట్టి పెట్టె మా ముందరి గదిలో పెట్టించారు. ఎవరి గుడ్ల మీద వాళ్ళు పెన్సిలుతో గుర్తు వేసి ఇచ్చారు. ఒకరిది గీత, ఒకరిది సున్నా, పక్కింటి నరసింహులు మామవి బర్రె కొమ్ములు.

ఆ గుర్తులన్నిటినీ బుట్టకెత్తి, దిబ్బ వెనక గుంట తీసి పూడ్చాను.

మూడో రోజు మామ మా అరుగు మీద కూర్చుని పొగాకు నలుపుకుంటూ అన్నాడు. "ఏమ్మా కోడలా, ఉడకబెట్టిన గుడ్లు అమ్మేదైతే ముందే చెప్పగూడదా? ఉప్పూ కారం నేను తెచ్చేవాణ్ణి గదా."

ఆయన మాటకు నవ్వొచ్చింది గానీ, కుళాయి దగ్గర విన్న మాటకు రాలేదు. బిందె కింద పెట్టి తలెత్తేలోపు ఎవరో అంటున్నారు: "పిల్లకు పాలిస్తా ఇస్తా కునుకు తీసుంటాదిలే. పాపం వయసు పిల్ల."

నేను కునుకు తీయలేదు. తీయలేదని నాకు తెలుసు. కానీ నలుగురూ అదే మాట అనేసరికి వారం తిరిగేలోపు నాకే అనుమానం మొదలైంది. ఆ పొద్దున వెన్నెలను ఒళ్ళో వేసుకుని గోడకు ఆనుకున్న మాట నిజం. కళ్ళు మూసుకున్నానేమో. మూసుకుని, తెర మీద అంకె చూశానని కలగన్నానేమో.

"నువ్వా మే, నిద్రపోయేది?" అంది మా అత్త రంగమ్మ, బియ్యం చెరుగుతూ. "బిడ్డ పండుకుంటే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి ఆడుతాందా లేదా అని గంటకు పదిసార్లు చూస్తావు. ఆ ముక్కు అరిగిపోయి చప్పిడిదవుతాది, ఎవురు చేసుకుంటారు దాన్ని?"

ఆమె మాట ధైర్యంతోనే బోర్డు విప్పి గుడ్డలో మూటగట్టి, మా ఆయన వెంకటేష్ ఆటోలో గిద్దలూరు పోయాను.

గిద్దలూరులో వీరభద్రయ్యగారి ఎలక్ట్రికల్ దుకాణం మోటారు స్టార్టర్లకు పేరు. ముందర తండ్రి వైర్లు, స్విచ్చులు అమ్ముతుంటాడు. వెనక చిన్న గదిలో కూతురు హరిత కూర్చుంటుంది. ఇంజనీరింగు చదివి వచ్చి, రైతులు తెచ్చే బోర్డులన్నీ బాగు చేస్తుంది. భూతద్దం కళ్ళకు కట్టుకుని, సన్నటి సీసపు తీగ కరిగించి అతుకులు వేస్తుంటే ముక్కుపుడకకు రాయి పొదిగినంత నేర్పుగా ఉంటుంది ఆ పని. నాకన్నా ఐదారేళ్ళు చిన్నదే.

బోర్డుకు కరెంటు ఇచ్చింది. చక్కగా వెలిగింది.

"ఏం కాలేదే దీనికి," అన్నాను. అయితే నేనే నిద్రపోయానన్నమాట.

హరిత ప్లగ్గును సాకెట్లో కొంచెం వదులు చేసి, వేలితో టపటపా కదిలించింది. ఇన్వర్టరు అందుకునేటప్పుడు కరెంటు ఎట్లా తడబడుతుందో అట్లా. పదోసారో పన్నెండోసారో ఆపి, పక్కనున్న టీ గ్లాసులో వేడి కొలిచే తీగ ముంచింది. పొగలు కక్కే టీ. తెర మీద అంకె కదల్లేదు.

"ఇది చెడిపోలేదక్కా. నిలబడిపోయింది. కండ్లు తెరుచుకునే నిద్రపోయినట్ల. చివరగా చూసిన అంకె తెర మీద అట్లనే ఉండిపోయింది. హీటరు వేసినప్పుడు నిలబడిపోయింటాది, ఆపేవాడు లేడు, కాలతానే పోయింది."

"అంటే నిద్రపోయింది నేను కాదు గదా?"

"నువ్వు కాదక్కా. ఇది."

ఆ చిన్న గదిలో సీసం పొగ మధ్య కూర్చుని ఏడ్చాను. హరిత కంగారుపడి, వేడి చూసిన ఆ టీనే నా చేతికిచ్చింది.

"ఆపి మళ్ళీ వేస్తే బాగయిపోతాది గదా," అన్నాను కాసేపటికి.

"అయిపోతాది. కానీ ఆపి వేసేదెవురు? నువ్వు దాని ముందర ఇరవై ఒక్క రోజులు కూర్చుంటావా?"

కూర్చుంటాననే అన్నాను. కూర్చుంటానని ఆమెకు నా మొహంలోనే తెలిసినట్టుంది, నవ్వింది. "వద్దులే. ఆ పని చేసేది లోపలనే ఒకటుంటాది. ఈ బోర్డు చేసినవాళ్ళు దాన్ని వాడుకోలేదు, అంతే. నేను కొత్త బోర్డు చేసిస్తా."

అప్పుడు చెప్పింది. బోర్డు మీదుండే చిప్పులోనే ఒక మూల వేరే చిన్న గడియారం ఉంటుందట. దానికి గుడ్లు తెలియవు, వేడి తెలియదు, కోడి అంటే ఏమిటో తెలియదు. ఎనిమిది నుంచి కిందికి లెక్కపెట్టడం ఒక్కటే తెలుసు. పని చేసేవాడు ఒక్కో చుట్టు పని ముగించగానే 'ఉన్నా' అని దాన్ని తట్టాలి. తడితే మళ్ళీ ఎనిమిది నుంచి మొదలుపెడుతుంది. తట్టకుండా సున్నా అయిందంటే మొత్తం పట్టుకుని ఆపేసి, మొదటి నుంచి లేపుతుంది.

"వాచ్‌డాగ్ టైమర్ అంటారక్కా. కాపలా కుక్క."

"ఎందుకు ఆగిపోయినావని అడగదా?"

"అడగదు. తిట్టదు. లేపుతాది, అంతే. లేచినోడు పాతదేదీ నమ్మకుండా ముందు హీటరు ఆపి, వేడి కొత్తగా కొలుచుకోని, అప్పుడు పనిలోకి దిగుతాడు."

ఇంటికి వచ్చేంత వరకూ ఆటోలో అదే ఆలోచించాను. ఆగిపోయినవాడిని నలుగురిలో నిలబెట్టకుండా, ఎనిమిది అంకెలు ఓర్చుకుని, భుజం పట్టి లేపేసి మళ్ళీ తన లెక్కలో తను పడేది ఒకటుందట. అంత చిన్న వస్తువులో అంత పెద్ద గుణం ఎవరు పెట్టారో గానీ వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

వారానికి కొత్త బోర్డు వచ్చింది. హరితే వచ్చి బిగించింది. ఈసారి నేను జాగ్రత్త పడ్డాను. గుడ్లు పెట్టకుండా ఉత్త పెట్టెను నడిపించాను. లోపల అద్దం తలుపు పక్కన ఒక గాజు థర్మామీటరు కట్టుకున్నాను. అంకెల తెర అబద్ధం చెప్పినా గాజులోని పాదరసం చెప్పదు కదా.

మూడు రోజులు బాగా నడిచింది. నాలుగో రోజు మధ్యాహ్నం కరెంటు పోయి ఇన్వర్టరు అందుకుంది. తెర మీద 37.5. గాజు వైపు చూశాను. ముప్పై ఎనిమిది. ఎనిమిది లెక్కపెట్టాను. లేస్తే లోపల 'టిక్'మని శబ్దం రావాలని హరిత చెప్పింది. రాలేదు. ఎనభై లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది దాటింది. ప్లగ్గు పీకి ఫోను చేశాను.

"మీ కుక్క మొరగలేదు హరితమ్మా."

"అట్ల జరగదే!" అంది అవతల నుంచి. "వస్తాండా, ఏదీ కదిలియ్యద్దు" అంది.

రాచర్ల వరకు ఆటోలో వచ్చి, అక్కడి నుంచి మా ఊరికి ఎవరిదో బండెక్కి వచ్చింది. చాప మీద కూర్చుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని రెండు గంటలు తలెత్తలేదు. కరెంటు తడబడేలా చేయడం, పెట్టె నిలబడిపోవడం, ఆమె పెదవి కొరుక్కోవడం. అన్నం పెడితే కలిపి తినడం మరిచిపోయింది. నరసింహులు మామ గడపలో నిలబడి చూశాడు.

"ఏంది తల్లీ, కాపలా కుక్క తిండి తిని పండుకుందా?"

"మామా, నువ్వు పోయి నీ బర్రెను చూసుకో పో," అన్నాను. ఆయన పోలేదు.

హరిత చివరికి లాప్‌టాప్ నా వైపు తిప్పింది, నాకేదో అర్థమవుతుందన్నట్టు. "చూడక్కా. కుక్క బాగనే ఉండాది. దానికి 'ఉన్నా, ఉన్నా' అని సెకనుకోసారి అందుతానే ఉండాది. అందుకే అది లేపడంల్యా. పని మాత్రం జరగడంల్యా. నాకర్థం కావడంల్యా."

"ఉన్నానని చెప్తాండేది ఎవురు?"

"లోపల ఇద్దరుంటారనుకో. ఒకడు పెద్ద పని చేసేవాడు. వేడి కొలుస్తాడు, హీటరు వేస్తాడు, ఆపుతాడు, తెర మీద రాస్తాడు. రెండోవాడు గంట కొట్టేవాడు. పెద్దోడు ఏ పనిలో ఉన్నా సరే, సెకనుకోసారి మధ్యలో దూరి గంట కొట్టి పోతాడు. వాడు ఎప్పుడూ తప్పడు గదా అని, కుక్కను తట్టే పని వానికి అప్పజెప్పినా."

ఆ గంట కొట్టేవాణ్ణి, నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు, ఎక్కడో చూసినట్టనిపించింది.

మా అమ్మ పత్తి ఏరే కూలికి పోయేది. సెలవు రోజుల్లో నన్నూ మా తమ్ముడు నరేష్‌నూ చేను గట్టు మీద తుమ్మ నీడన కూర్చోబెట్టేది. పత్తి చేలో ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. సాలు చివరికి వచ్చినప్పుడల్లా నడుము ఎత్తి, బిడ్డలున్న వైపు తిరిగి "ఓ..." అని కేకేస్తారు. బిడ్డలు "ఉన్నాం" అని పలకాలి. పలికితే ఇంకో సాలు పడతారు. పలక్కపోతే ఒడిలో పత్తి ఎక్కడిదక్కడ వదిలేసి ఉరుకుతారు. ఎందుకు పలకలేదో ఆలోచిస్తూ నిలబడే తల్లిని నేను చూడలేదు.

ఆ రోజు నేను గవ్వలాట ఆడుకుంటున్నాను. అమ్మ కేకేసినప్పుడల్లా తలెత్తకుండా "ఉన్నాం" అంటున్నాను. ఆట ఆపకుండానే ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేది. నాలుగు సాళ్ళు అట్లా అన్నాను. నాలుగు సాళ్ళూ తమ్ముడు నా పక్కన లేడు. మూడు చేల అవతల, నీళ్ళింకిపోయిన దిగుడుబావి గట్టున కూర్చుని లోపలికి రాళ్ళు విసురుతుంటే గొర్రెల కాపరి ఎవరో ఎత్తుకొచ్చాడు. అప్పుడు వాడికి మూడేళ్ళు.

అమ్మ నన్ను కొట్టలేదు. ఆ రోజు నుంచి పద్ధతి మార్చింది. "నీ గొంతు నాకొద్దు. వాడి గొంతు వినిపియ్యి" అంది. వాడు పలికితేనే సాలు పట్టేది. నేను ఎంత గట్టిగా అరిచినా లెక్కలోకి తీసుకోలేదు. వాడికి పలకడం విసుగేసినా, అలిగినా సరే, వాడే పలకాలి.

ఇదంతా హరితకు చెప్పాను. ఎందుకు చెబుతున్నానో మొదట నాకే సరిగ్గా తెలియదు. చెబుతూ చెబుతూ ఉండగా తెలిసింది.

"నీ గంట కొట్టేవాడు నేను హరితమ్మా. నేను నాలుగు సాళ్ళూ పలికినా. తమ్ముడు బాయి గట్టున ఉన్నాడు."

హరిత రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

"అయ్యో నా మొహం! పెద్దోడు వేడి కొలిచే తీగ దగ్గర జవాబు కోసం కాచుకోని నిలబడిపోయినాడు. అది పలకదు, ఈడు కదలడు. గంటోడు మాత్రం 'ఉన్నాం, ఉన్నాం' అని..." లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. "నాలుగేండ్లు చదివినా అక్కా. ఇట్ల చేయగూడదని పుస్తకంలో కూడా ఉంటాది. చదివి, పరీక్షలో రాసి, మళ్ళీ అదే చేసినా."

"నేను తొమ్మిదేండ్లకే చేసినా. నువ్వు ఇరవై నాలుగుకు చేసినావు."

గడపలో నుంచి మామ గట్టిగా నవ్వాడు. హరిత కూడా నవ్వింది. మా ముందే 'తప్పు నాదే' అని అంత సులువుగా ఒప్పుకుని, ఆ నవ్వు మొహం మీద ఉండగానే మళ్ళీ పనిలో పడ్డ మనిషిని నేనంతకు ముందు చూడలేదు. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసిన నాకు, ఆ రోజు ఆ చాప మీద ఒక బడి తెరిచినట్టయింది.

తట్టే పని గంటోడి దగ్గర నుంచి తీసేసింది. పెద్దోడు వేడి కొలిచి, హీటరు సంగతి తేల్చి, తెర మీద రాసి, ఈ మూడూ ముగిస్తేనే ఒకసారి తట్టాలి. ఏ ఒక్కటి ఆగినా తట్టడానికి లేదు. పక్కన ఒక పచ్చ లైటు కూడా పెట్టింది. అదీ పెద్దోడి చేతిలోదే. ఒక్కో చుట్టుకు ఒక్కోసారి మిణుకుమంటుంది. తెర మూలన చిన్న అంకె: ఎన్నిసార్లు పడి లేచిందో ఆ లెక్క.

"తీగ దగ్గర కాచుకోకుండా కూడా సరిచేసినా," అంది సర్దుకుంటూ. "అది నాకు దొరికింది. దొరకనివి ఇంకా ఎన్ని ఉండాయో నాకు తెలీదు. దొరకని వాటికే కుక్క."

"తెలీదని చెప్తాండావే, నీకు భయం లేదా?"

"భయం ఉండబట్టే గదక్కా పెట్టినా. నువ్వు బిడ్డ ముక్కు కింద వేలు పెట్టినట్ల."

మా అత్త ఆ సంగతి ఆమెకు ఎప్పుడు చెప్పిందో!

పోయే ముందు పరీక్ష చేసింది. కావాలనే పెద్దోణ్ణి నిలబెట్టేసింది. పచ్చ లైటు వెలిగి అట్లనే నిలిచిపోయింది. నేనూ అత్తా మామా హరితా నలుగురం పైకే లెక్కపెట్టాం. ఎనిమిది అనేలోగా 'టిక్'మంది. తెర ఆరి వెలిగింది. మూలన సున్నా పోయి ఒకటి వచ్చింది. వెన్నెల చప్పట్లు కొట్టింది.

ఈసారి గుడ్లు అడగడానికి నాకు మొహం చెల్లలేదు. నరసింహులు మామే పన్నెండు తెచ్చి చాప మీద పెట్టాడు, బర్రె కొమ్ములు గీసి. "ఉడికితే కూరొండి పంపియ్యి, అంతే," అన్నాడు. అవి చూసి సంఘంలో మిగతావాళ్ళు తలా కొన్ని ఇచ్చారు. నూట నలభై అయ్యాయి. ఏడో రోజు టార్చి లైటు మీద పెట్టి చూస్తే లోపల ఎర్రటి దారాలు, మధ్యలో నల్లటి చుక్క. ఒక్కో చుక్క కదులుతోంది.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. నీళ్ళకు పోయినా, పొయ్యి ముందర ఉన్నా ఒక కన్ను పచ్చ లైటు మీదే. ఒకవైపు వెన్నెల ముక్కు కింద వేలు, ఒకవైపు గాజు థర్మామీటరు. పంతొమ్మిదో రోజు పొద్దునకు మూలన అంకె ఆరు. అంటే ఒక పరీక్ష పోగా నిజంగా ఐదుసార్లు లేచింది. ఆ ఐదుసార్లూ నేను పక్కనే ఉన్నాను. నేను ఉన్నాను కాబట్టే లేచిందేమో అన్నంతగా ఉండేది నా భయం.

ఆ పొద్దునే వెన్నెల ఒళ్ళు పెనంలా కాలింది. ఆరు నెలల కింద ఇట్లాంటి జ్వరంలోనే దానికి ఫిట్స్ వచ్చాయి. వెంకటేష్ ఆటో బయటికి తీశాడు.

"పోదాం పా," అన్నాడు. నేను బిడ్డను భుజాన వేసుకుని గడపలో నిలబడిపోయాను. వెనక నూట నలభై గుడ్లు, రెండే రోజులు. సంఘంవాళ్ళంతా చేలల్లో. మళ్ళీ ఉడికితే ఆ పెట్టె ఈ ఊళ్ళో ఎవరి గదిలోనూ ఉండదు, నేను నిద్రపోయానన్న మాట ఇక నేను చచ్చేదాకా పోదు.

"పో మే!" అంది అత్త. "నేనుండా గదా."

"అత్తమ్మా, దేన్నీ ముట్టుకోవద్దు. పచ్చ లైటు చూస్తా ఉండు, చాలు."

గిద్దలూరులో డాక్టరు మందు పట్టించి, సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండాలన్నాడు. మధ్యాహ్నం పడమటి కొండల మీద మబ్బు పట్టింది. గాలి లేచి ఆసుపత్రి కిటికీలు కొట్టుకున్నాయి. మా ఊళ్ళోనూ అదే గాలి అయి ఉంటుంది. ఫోను చేశాను.

"లైటు ఏం చేస్తాందత్తమ్మా?"

"ముందు బిడ్డ సంగతి చెప్పవే తల్లీ, గుడ్ల సంగతి అడుగుతావేంది?"

"మందు పోసినారు. పండుకోనుంది. లైటు?"

"మిణుకు మిణుకుమంటాంది. కరెంటు పోతాంది, వస్తాంది. ఈడ రేకులు లేచిపోయేటట్ల గాలి... ఇదిగో మే! లైటు నిలిచిపోయిందే. వెలిగి అట్లనే నిలబడుకుంది."

బెంచీ మీద నుంచి లేచాను. వెంకటేష్ నా మొహం చూసి "నిన్ను ఇంటికాడ దించి వచ్చేదా?" అన్నాడు. రాచర్ల దాటి మా ఊరికి చేరేసరికి ముక్కాలు గంట. చెయ్యెత్తి ఆగమన్నాను.

"ముట్టుకోవద్దత్తమ్మా. నాతో లెక్కపెట్టు. ఒకటి..."

"ఒకటి. రెండు. మూడు. స్విచ్చి ఆపి వేసేదా?"

"వద్దు. నాలుగు."

"నాలుగు. వేడైతాదేమో మే. ఐదు."

"ఆరు."

"ఏడు..."

ఫోనులో గాలి హోరు. అత్త ఊపిరి. ఇంకేమీ లేదు. నా చెయ్యి బిడ్డ ముక్కు కిందికి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. వేలికి వెచ్చగా ఊపిరి తగిలింది. అప్పుడే అవతల అత్త అరిచింది.

"టిక్కుమనింది! తెర ఆరిపోయింది... వెలిగింది. లైటు మిణుకుమంటాంది మే. నేనేం చెయ్యలేదు, నా చేతులు ఇదిగో ఒళ్ళోనే ఉండాయి. దానంతటదే లేచింది!"

నేను లేను. ముక్కాలు గంట దూరంలో ఉన్నాను. అయినా లేచింది.

"పోదామా?" అన్నాడు వెంకటేష్.

"వద్దు," అన్నాను. "అది చూసుకుంటాది."

మళ్ళీ కూర్చున్నాను. వెన్నెల నుదుట చెమట పట్టడం మొదలైంది. దాని తల నా ఒళ్ళోకి లాక్కుని గోడకు ఆనుకున్నాను. తర్వాత ఏమైందో నాకు తెలియదు. వెంకటేష్ భుజం తట్టి లేపితే సాయంత్రమైంది. ఊరంతా నేను తీశానన్న కునుకు ఆ రోజు తీశాను.

ఇంటికి చేరేసరికి వాన వెలిసింది. అత్త పెట్టె ముందర పీట వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని అట్లనే కూర్చుని ఉంది. పక్కన మామ. తెర మూలన అంకె తొమ్మిది. గాజు థర్మామీటరు ముప్పై ఏడున్నర దగ్గర నిలబడి ఉంది.

"నువ్వు పోయినాక మూడుసార్లు," అంది అత్త. "మూడుసార్లూ నేను లెక్కపెట్టినా. ఒక్కసారి గూడా ఎనిమిది దాటనియ్యలా. ఆ పిల్లకు చెప్పు మే, బాగ చేసిందని."

హరితకు ఫోను చేసి చెప్పాను. "తొమ్మిదా?" అంది. "ఒక్క పూటకు మూడు ఎక్కువక్కా. నేను ఎల్లుండి వస్తా. ఎందుకు పడుతాందో చూడాల." బాగా లేచిందని సంతోషపడి ఊరుకునే పిల్ల కాదు.

వెన్నెల జ్వరం దిగి, నీరసంగా నా చంకలో నుంచి జారి అద్దం తలుపుకు చెవి ఆనించింది. ముందు వరసలో బర్రె కొమ్ముల గుడ్డు ఒకటి. రెండు రోజులు ముందుగానే దాని పెంకు మీద నువ్వు గింజంత పగులు.

"ఓ..." అంది వెన్నెల లోపలికి, నేను దాన్ని పిలిచినట్టే. "ఉన్నావా?"

సన్నగా, పెంకు లోపలి నుంచి, ఒక గొంతు పలికింది.

"అది నాదేనమ్మా," అన్నాడు నరసింహులు మామ, అందరికన్నా ముందు. "కొమ్ములు చూడు."